చలికాలంలో డీజిల్ ట్యాంకులో తేమ: నీళ్లు ఎలా దించాలి, ఏ మందు ఎప్పుడు పోయాలి

"అన్నా, చలి మొదలైంది. డీజిల్‌లో ఏ మందు పొయ్యాల?" నవంబరు దాటిందంటే చాలు, అనంతపురం నుంచి, ఆదోని నుంచి, ప్రొద్దుటూరు నుంచి ఇదే ప్రశ్న. అడిగేవాళ్లలో ట్రాక్టర్ ఉన్న రైతులున్నారు, జనరేటర్ పెట్టుకున్న కల్యాణమండపాల వాళ్లున్నారు, బండల క్వారీల్లో పొక్లెయిన్ నడిపేవాళ్లున్నారు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

ముందు మందు సంగతి తేల్చేద్దాం. మన సీమలో చలికి డీజిల్ గడ్డకట్టదు. భారత ప్రమాణాల ప్రకారం చలికాలపు డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్ గుండా సాఫీగా పోవాలి. అనంతపురంలో డిసెంబరు, జనవరి రాత్రులు మామూలుగా 15 నుంచి 18 డిగ్రీలు, బాగా చలిపెట్టిన రోజున 12 దగ్గరికి వస్తాయి. కాబట్టి గడ్డకట్టకుండా పోసే మందుకు ఇక్కడ డబ్బు పెట్టడం దండగ. పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే, తెల్లపొగ కక్కితే, పది నిమిషాలు నడిచి మిస్సింగ్ కొడితే, ముందు ట్యాంకు అడుగున నీళ్లున్నాయేమో చూడండి. ఉంటే దించేయండి. ఆ పనికి మందు అక్కర్లేదు, ఒక సీసా, ఒక పానా, గంట సమయం చాలు.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి

శనగ విత్తనం అక్టోబరు, నవంబరులో అయిపోతుంది. ఆ తర్వాత నూర్పిడి దాకా చాలా ట్రాక్టర్లకు పెద్దగా పనుండదు. సగం ట్యాంకు డీజిల్‌తో వేపచెట్టు కింద వారాల తరబడి నిలబడి ఉంటాయి. పగలు 30 డిగ్రీల ఎండకు ట్యాంకులోని గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు అదే ట్యాంకు బయటి తేమగాలిని లోపలికి లాక్కుంటుంది. ఆ తేమ రేకు లోపలివైపు చెమ్మగా పట్టి, బొట్లు కట్టి, జారి అడుక్కి చేరుతుంది. డీజిల్ లీటరు 820 నుంచి 845 గ్రాములే తూగుతుంది, నీళ్లు కిలో. అందుకే నీళ్లెప్పుడూ అడుగునే ఉంటాయి, ఇంజిన్‌కు పోయే పైపు కూడా దాదాపు అక్కడి నుంచే లాగుతుంది.

అయితే ఇలా గాలి నుంచి చేరే నీళ్లు చెంచాల లెక్కలోనే ఉంటాయి. అర లీటరు, లీటరు వచ్చాయంటే దారి వేరే ఉందన్నమాట. ఎక్కువసార్లు కనబడేవి ఇవి: మూత పోయి దాని బదులు గుడ్డపేలిక కుక్కిన ట్యాంకు, లోపలి రబ్బరు వాషరు ఎండి పగిలిన మూత, వానలో బయట నిలబెట్టిన డ్రమ్ము, కడిగి ఆరకుండానే డీజిల్ పట్టిన క్యాను. ఆయుధపూజకో సంక్రాంతికో బండి కడిగేటప్పుడు ప్రెషర్ పైపు సరిగ్గా మూత మీదికే పెట్టేవాళ్లూ ఉన్నారు. ఈ దారి మూయకుండా ఎన్నిసార్లు నీళ్లు దించినా మళ్లీ వస్తాయి.

ఇంకో మాట కూడా తెలిసుండాలి. డీజిల్‌లో కొద్దిగా నీరు కరిగి ఉంటుంది. బీఎస్‌-6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో కిలోకు 200 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. డీజిల్ చల్లబడితే అంత నీటిని పట్టి ఉంచలేదు, కొంత బయటికి వదులుతుంది. తెల్లవారుజామున ట్యాంకులో డీజిల్ మసకగా కనబడటానికి ఇదొక కారణం. బయోడీజిల్ కలిసిన డీజిల్ ఇంకా ఎక్కువ తేమ పట్టుకుంటుంది.

ఏమేం కావాలి

- లీటరు పట్టే, రంగులేని, మూత గట్టిగా ఉన్న గాజు సీసాలు రెండు. బాగా ఆరినవి.
- డ్రెయిన్ ప్లగ్గుకు, ఫిల్టర్ బోల్టుకు సరిపోయే పానాలు.
- వెడల్పాటి పళ్లెం లేదా కోసిన ఐదు లీటర్ల క్యాను.
- కొత్త రాగి వాషర్లు, ఫిల్టర్ సీళ్లు.
- ఒక సెట్ కొత్త ఫిల్టర్లు. పాత మెకానికల్ పంపు ట్రాక్టర్‌కైతే గుడ్డ ఫిల్టర్, పేపర్ ఫిల్టర్ రెండూ.
- డ్రెయిన్ ప్లగ్గు లేని ట్యాంకైతే చేతితో నొక్కే పంపు, ట్యాంకు అడుగు అందేంత పారదర్శకమైన పైపు.
- పొడి ఇసుక ఒక బకెట్, నూలు పోగులు రాని గుడ్డ.
- కావాలంటే చిటికెడు మిఠాయి రంగు. ఎందుకో కింద చెబుతాను.

పైపు నోట్లో పెట్టి డీజిల్ లాగడం మన దగ్గర చాలామందికి అలవాటు. దయచేసి మానేయండి. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రమాదకరమైన న్యుమోనియా వస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు. వాంతి చేసేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చేతిపంపు ఖరీదు పెద్దదేం కాదు.

ఎలా చేయాలి

1. ముందురోజు సాయంత్రం బండిని కదలని చోట పెట్టండి.

డ్రెయిన్ ప్లగ్గు ఉన్న వైపు కొంచెం పల్లంగా ఉండాలి. చక్రాలకు రాళ్లు పెట్టండి. రాత్రంతా కదలకుండా ఉంటేనే డీజిల్‌లో చెదిరిన నీళ్లు అడుక్కి దిగుతాయి. పొద్దున లేచి "ఒకసారి స్టార్ట్ చేసి వేడెక్కాక చూద్దాం" అనుకోవద్దు. ఇంజిన్ ఆడితే నీళ్లు మళ్లీ కలిసిపోతాయి, కొన్ని ఫిల్టర్ దాకా పోతాయి కూడా.

2. పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందే, సీసాలోకి నమూనా తీయండి.

ప్లగ్గు చుట్టూ మట్టి గుడ్డతో తుడవండి. ప్లగ్గును పూర్తిగా విప్పకుండా కొద్దిగా వదులు చేసి మొదటి లీటరు సీసాలోకి పట్టండి. నీళ్లుంటే మొదట వచ్చేదాంట్లోనే ఉంటాయి. ప్లగ్గు లేకపోతే మూత తీసి, పైపును ట్యాంకు అడుగున అతి పల్లంగా ఉన్న మూలకు పంపి, చేతిపంపుతో లాగండి.

పైనుంచి ఒక మగ్గు ముంచి చూసి "శుభ్రంగా ఉంది" అనుకోవడం అందరూ చేసే పొరపాటు. పైన ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది.

3. సీసాను వెలుతురులో చూడండి.

పావుగంట కదలకుండా పెట్టండి. తర్వాత సీసా వెనక ఒక వార్తాపత్రిక పెట్టండి. అక్షరాలు స్పష్టంగా చదవగలిగితే డీజిల్ మంచిదే. ఇప్పుడు సీసాను గుండ్రంగా తిప్పి సుడి వచ్చేలా చేసి ఆపండి. నీటి బొట్లు, తుప్పు, ఇసుక ఉంటే సుడి కింద, సీసా అడుగు మధ్యలో వచ్చి చేరతాయి.

కొన్నిసార్లు డీజిల్ మొత్తం మసకగా ఉంటుంది, అడుగున పొర మాత్రం కనబడదు. ఆ సీసాను మూత బిగించి ఒక గంట నీరెండలో పెట్టండి. మసక పోయి తేటబడి, అడుగున ఏమీ లేకపోతే అది చలికి బయటపడిన కొద్దిపాటి తేమ మాత్రమే, భయం లేదు. తేటబడిన తర్వాత అడుగున సన్నటి పొర నిలిస్తే నీళ్లున్నట్టే.

ఇంకా అనుమానంగా ఉంటే ఆ సీసాలో చిటికెడు మిఠాయి రంగు వేయండి. అది డీజిల్‌లో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అడుగున నీళ్లుంటే అక్కడ మాత్రమే రంగు కనబడుతుంది. రంగు వేసిన డీజిల్‌ను తిరిగి ట్యాంకులో పోయకూడదు. ఎక్కువ లీటర్లు నిల్వ ఉంచేవాళ్లు బంకుల్లో వాడే వాటర్ పేస్టు తెచ్చుకోవచ్చు. కొలబద్ద చివర రాసి అడుగు దాకా ముంచితే, నీళ్లు తగిలినంత మేర రంగు మారుతుంది. నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో కూడా తెలుస్తుంది.

ఈ రెండు పరీక్షలు మాత్రం చేయొద్దు. ఒకటి, కాల్చిన పెనం మీద డీజిల్ చుక్క వేసి చిటపటలు వినడం. మన దేశంలో డీజిల్‌కు ఉండాల్సిన కనీస ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు తగిలితే అంటుకునే వేడి) 35 డిగ్రీలే. వేడి పెనం మీద అంటుకుంటుంది. రెండోది, ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి మరక చూడటం. అది పెట్రోలుకు చేసే పరీక్ష. డీజిల్‌లో నీళ్ల గురించి ఏమీ చెప్పదు.

4. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా దించండి.

నీళ్లు కనబడితే పళ్లెం పెట్టి, ప్లగ్గు వదులు చేసి, సన్నటి ధారగా వదలండి. మధ్యమధ్యలో రెండో సీసాలో పట్టి చూస్తూ ఉండండి. నీళ్లకు డీజిల్‌కు మధ్య గోధుమరంగు లేదా నల్లటి జిగురు పొర వచ్చిందంటే, దానికి కుళ్లిన గుడ్డు వాసన ఉందంటే, అది మామూలు మురికి కాదు. నీళ్లు డీజిల్ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులు. దాని సంగతి మందుల దగ్గర చెబుతాను.

లీటరున్నర, రెండు లీటర్లు తీసినా నీళ్లు ఆగకపోతే ఇక బొట్టుబొట్టుగా తీస్తూ కూర్చోవద్దు. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, విప్పి, డీజిల్‌తోనే కడిగించండి. నీళ్లతో, సర్ఫ్‌తో కడగొద్దు. ఆ తడి మూలల్లో నిలిచి తుప్పు పడుతుంది.

ప్లగ్గు బిగించేటప్పుడు కొత్త రాగి వాషరు వేయండి. పాతదే వేసి, కారుతోందని మళ్లీ మళ్లీ బలంగా బిగిస్తే మర పోతుంది.

తీసిన నీళ్లూ డీజిలూ కాలవలో, బోరు దగ్గర, గట్టు మీద పారబోయకండి. ఒక క్యానులో మూతపెట్టి ఉంచి, పాత ఇంజినాయిల్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. పైన తేటగా ఉన్న డీజిల్‌ను కక్కుర్తిపడి మళ్లీ ట్యాంకులో పోయడం కూడా వద్దు. డీజిల్ పట్టిన పళ్లెం, పనిముట్లు కడుక్కోవడానికి వాడుకోండి.

5. ఫిల్టర్ గిన్నెల్లో నీళ్లు తీయండి.

ట్యాంకులో నీళ్లు దొరికాయంటే ఫిల్టర్లలోనూ ఉంటాయి. ఫీడ్ పంపు కింద ఉండే చిన్న గిన్నె విప్పి, జాలి శుభ్రం చేసి పెట్టండి. జంట ఫిల్టర్లుంటే రెండింటి అడుగు స్క్రూలూ వదులు చేసి నీళ్లు పోనివ్వండి. గుడ్డ ఫిల్టర్ మీద ఎర్రమట్టిలా తుప్పు, నల్ల జిగురు ఉంటే కడిగి వాడొద్దు. రెండూ మార్చేయండి. నీళ్లు తగిలిన పేపర్ ఫిల్టర్ ఉబ్బి దారి మూసుకుంటుంది. ఎండబెట్టినా పనికిరాదు.

కొత్త కార్లు, లారీలు, 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లలో ఫిల్టర్ కింద నీళ్లు చేరే గిన్నె, దానికి సెన్సరు ఉంటాయి. డ్యాష్‌బోర్డు మీద డీజిల్‌లో నీళ్ల లైటు వెలిగితే "సాయంత్రం చూద్దాంలే" అనుకోకండి. పక్కకు ఆపి, ఇంజిన్ ఆర్పి, గిన్నె కింద స్క్రూ తిప్పి దించండి. ఆ ఇంజిన్లలో డీజిల్ 1,600 బార్, అంతకంటే ఎక్కువ ఒత్తిడితో ఇంజెక్టర్‌లోకి పోతుంది. పాత నాజిళ్లు 200 బార్ అటూ ఇటుగా తెరుచుకునేవి, కాస్త నీళ్లు పోయినా తట్టుకునేవి. కొత్తవాటికి ఆ ఓర్పు లేదు. పంపు, ఇంజెక్టర్లు రెండూ డీజిల్ జిడ్డుతోనే అరగకుండా ఉంటాయి. నీళ్లకు ఆ జిడ్డు ఉండదు.

6. ఎయిర్ తీయండి.

ఫిల్టర్లు విప్పినప్పుడు డీజిల్ పైపుల్లోకి గాలి చేరుతుంది, దాన్ని బయటికి పంపాలి. పాత మెకానికల్ పంపు ఉన్న ఇంజిన్‌కు: ఫిల్టర్ తల మీద ఉన్న ఎయిర్ స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. ఫీడ్ పంపు చేతిమీటను పైకీ కిందికీ ఆడించండి. మొదట నురగ, బుడగలు వస్తాయి. బుడగలు లేని డీజిల్ ధారగా వచ్చినప్పుడు, మీట ఆడిస్తూనే స్క్రూ బిగించండి. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర కూడా అలాగే చేయండి. చేతిమీట వదులుగా ఊగుతూ పంపు కొట్టకపోతే కంగారు పడొద్దు. లోపలి కామ్ పైకి లేచిన స్థితిలో ఆగి ఉంటుంది. సెల్ఫ్ ఒక్కసారి అలా తట్టి మళ్లీ ప్రయత్నించండి.

సెల్ఫ్ ఒక్కోసారి 10 సెకన్లకు మించి పట్టుకోవద్దు. మధ్యలో అర నిమిషమైనా ఆగండి. చలి పొద్దున బ్యాటరీ బలం తక్కువగా ఉంటుంది. ఎయిర్ సరిగా తీయకుండా సెల్ఫ్ కొడుతూపోతే బ్యాటరీ దిగిపోతుంది, సెల్ఫ్ మోటారు కాలుతుంది.

కామన్ రైల్ ఇంజిన్‌కు (పైన చెప్పిన ఎక్కువ ఒత్తిడి కొత్త రకం): ఫిల్టర్ మీద ఉన్న ప్రైమింగ్ బల్బు గట్టిపడేదాకా నొక్కండి. లేదా తాళం ఆన్ చేసి ఆఫ్ చేయడం నాలుగైదుసార్లు చేసి కరెంటు పంపును ఆడనివ్వండి. మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అది. ఆ తర్వాత స్టార్ట్ చేయండి.

పాత ఇంజిన్లకు నాజిల్ పైపు నట్టు వదులు చేసి, సెల్ఫ్ కొడుతూ ఎయిర్ తీయడం మన మెకానిక్కులందరికీ తెలిసిన పద్ధతే. కామన్ రైల్ ఇంజిన్ దగ్గర మాత్రం ఎవరు చెప్పినా ఆ పని చేయనివ్వకండి. ఆ ఒత్తిడిలో కంటికి కనబడని సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయట సూది గుచ్చినంత గాయమే కనబడుతుంది, లోపల వేలు కుళ్లిపోతుంది. పొరపాటున జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెళ్లాలి.

7. నీళ్లు వచ్చిన దారి మూయండి.

మూత రబ్బరు మార్చండి, లేదా కొత్త మూత కొనండి. గుడ్డపేలిక తీసేయండి. అది రాత్రి మంచుకు తడిసి చుక్కలు లోపలికి దించుతుంది, పోగులు ఫిల్టర్‌కు అడ్డం పడతాయి. ఇక్కడ ఇంకో పొరపాటు చూస్తుంటాను. నీళ్లు పోకూడదని మూత మీద ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు బిగిస్తారు. మూతలో గాలి ఆడటానికి చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుంటే డీజిల్ ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులో గాలి చాలక, ఇంజిన్ పావుగంట నడిచి ఆగిపోతుంది. అప్పుడు డీజిల్‌లో నీళ్లని మళ్లీ ఫిల్టర్లు విప్పుతారు. వాన కాపు కావాలంటే మూత మీద ఒక రేకు డబ్బా వదులుగా బోర్లించండి, చాలు.

పని అయిందా లేదా ఎలా తెలుసుకోవాలి

మరుసటి పొద్దున మళ్లీ ప్లగ్గు దగ్గర పావు లీటరు పట్టి చూడండి. నీళ్లు లేకపోతే నాలుగు రోజుల తర్వాత, బండి గతుకుల్లో తిరిగాక, ఇంకోసారి. ట్యాంకు మూలల్లో, లోపలి అడ్డురేకుల వెనక నిలిచిన నీళ్లు బండి ఊగిన తర్వాతే అడుక్కి వస్తాయి. ఈ రెండో పరీక్ష దాదాపు ఎవరూ చేయరు. "అంతా తీశాను, అయినా మళ్లీ వచ్చింది" అనేవాళ్లలో చాలామందికి వచ్చినవి పాత నీళ్లే.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడండి. తెల్లపొగ ఒకటి రెండు నిమిషాల్లో తగ్గాలి, చప్పుడు నిలకడగా ఉండాలి. నీళ్లు లేవని సీసాలో తేలినా తెల్లపొగ తగ్గకపోతే డీజిల్‌ను వదిలేయండి. నాజిల్, గ్లో ప్లగ్గులు, హెడ్ గాస్కెట్ చూపించుకోండి. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ తెల్లపొగ వస్తుంటే అది డీజిల్ జబ్బు కాదు.

బంకులో పట్టిన రోజే లీటర్ల కొద్దీ నీళ్లు దొరికితే బండి స్టార్ట్ చేయకండి. నమూనా సీసా, బిల్లు భద్రంగా ఉంచి, బంకు వాళ్ల ఎదురుగానే వాళ్ల భూగర్భ ట్యాంకులో వాటర్ పేస్టుతో చూడమని అడగండి. ఇక ముందు జాగ్రత్తగా, ట్యాంకర్ లారీ అప్పుడే డీజిల్ దించుతున్న బంకులో పట్టించుకోవద్దు. అడుగున ఉన్నదంతా కదిలి పైకి వస్తుంది.

మందుల సంగతి

సీసా మీద ఏం రాశారో చూడకుండా "డీజిల్ మందు" అని కొనకండి. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

నీటిని విడదీసేది. సీసా మీద డీమల్సిఫయర్ అని ఉంటుంది. డీజిల్‌లో చెదిరి ఉన్న సన్నటి నీటి బిందువులను దగ్గరికి చేర్చి అడుక్కి దించుతుంది. కొత్త బండ్లకు ఇదే తగినది. కానీ ఇది పోసి ఊరుకుంటే లాభం లేదు. రాత్రి పోసి, పొద్దున అడుగు నుంచి నీళ్లు దించాలి.

నీటిని డీజిల్‌లో కలిపేసేది. ఎమల్సిఫయర్ లేదా డిస్పర్సెంట్ అని ఉంటుంది. నీటిని పొడిపొడి చేసి ఇంజిన్ గుండా పంపించేస్తుంది. పాత ఇంజిన్‌లో చెంచాడు నీళ్లకు సరిపోతుందేమో గానీ, కామన్ రైల్ బండిలో వాడొద్దు. ఫిల్టర్ గిన్నె నీళ్లను ఆపలేదు, సెన్సరూ గుర్తించలేదు. నీళ్లు నేరుగా ఇంజెక్టర్‌కు పోతాయి. "నీళ్లు మాయం చేస్తుంది" అని ఎవరైనా ఒక సీసా చేతిలో పెడితే మొదట అడగాల్సింది అది ఏ రకమో. సీసా మీద ఆల్కహాల్, మెథనాల్ అని ఉంటే అక్కడే పెట్టేయండి.

సూక్ష్మజీవులను చంపేది. సీసా మీద బయోసైడ్ అని ఉంటుంది. నల్ల జిగురు కనబడితేనే. ఇది పురుగుమందు లాంటి విషమే, కాబట్టి చేతికి తొడుగులు వేసుకోండి, పిల్లలకు అందకుండా పెట్టండి. ముందు నీళ్లన్నీ దించాలి, తర్వాతే ఇది పోయాలి. చచ్చిన జిగురంతా ఊడి ఫిల్టర్‌కు వస్తుంది. దగ్గర ఒక సెట్ అదనపు ఫిల్టర్లు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. నీళ్లు ఉన్నంత కాలం జిగురు మళ్లీ పుడుతూనే ఉంటుంది.

గడ్డకట్టకుండా పోసే యాంటీ-జెల్ ఉత్తరాదికి వెళ్లే లారీలకు తప్ప ఇక్కడ అక్కర్లేదని మొదటే చెప్పాను.

కొలత గురించి కాస్త జాగ్రత్త. సీసా మీద 1:1000 అని ఉంటే లీటరు డీజిల్‌కు 1 మిల్లీలీటరు. 60 లీటర్లకు 60 మిల్లీలీటర్లు. 1:500 అయితే 120. ట్యాంకు ఎన్ని లీటర్లు పడుతుందనేది కాదు, ఇప్పుడు అందులో ఎంత డీజిల్ ఉంది, ఇంకెంత పోస్తున్నారు అన్నదాని మీద లెక్కేయండి. "కొంచెం ఎక్కువ పడితే ఇంకా మంచిది" అని మూత నిండా పోయకండి, అతిగా పోస్తే ఫిల్టర్లు జిగురు పట్టవచ్చు. మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజితో కొలవండి. పురుగుమందు కొలిచే మూత వాడకండి. మందు ముందు పోసి, ఆ తర్వాత బంకులో డీజిల్ పట్టించండి, బాగా కలుస్తుంది. వారంటీలో ఉన్న బండైతే కంపెనీ పుస్తకం ఒప్పుకున్నదే వాడండి.

పెట్రోలు, స్పిరిట్, కిరోసిన్ ఏదీ కలపొద్దు. వాటితో డీజిల్ జిడ్డు తగ్గి పంపు అరుగుతుంది. పెట్రోలు, స్పిరిట్ అయితే ట్యాంకు పైన అంటుకునే ఆవిరి చేరుతుంది. ఇక బీఎస్‌-6 బండ్లలో డీఈఎఫ్ అనే యూరియా ద్రావణానికి వేరే ట్యాంకు ఉంటుంది. దాన్ని డీజిల్ మందు అనుకుని డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా ఆన్ చేయకండి. బండిని లాక్కెళ్లి ట్యాంకు ఖాళీ చేయించండి. అది మూడొంతుల్లో రెండొంతులు నీళ్లే.

డ్రమ్ములో నిల్వ ఉంచేవాళ్లకు

బేతంచెర్ల, తాడిపత్రి వైపు క్వారీల్లో, తోటల్లో 200 లీటర్ల డ్రమ్ము నిటారుగా నిలబెట్టి ఉంచుతారు. వాన పడితే పై అంచు లోపల నీళ్లు నిలుస్తాయి. బిరడా గట్టిగానే ఉందిలే అనుకుంటారు. పగటి వేడికి లోపలి గాలి మరల సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే బిరడా చుట్టూ నిలిచిన ఆ నీళ్లనే డ్రమ్ము లోపలికి పీల్చుకుంటుంది. నవంబరు తుపాను వానల తర్వాత లీటర్ల కొద్దీ నీళ్లు బయటపడేది ఎక్కువగా ఇలాంటి డ్రమ్ములనుంచే.

నీడన పెట్టండి. కుదరకపోతే కింద ఒకవైపు కర్రముక్క పెట్టి డ్రమ్మును వంచండి, నీళ్లు నిలిచే పల్లం బిరడాలకు దూరంగా ఉండాలి. పడుకోబెట్టేటట్టయితే రెండు బిరడాలూ ఒకే మట్టంలో, అడ్డంగా ఉండేలా పెట్టండి. జీఐ డబ్బాల్లో నిల్వ చేయకండి, జింకు పూతతో డీజిల్ చెడిపోతుంది. డ్రమ్ము తెచ్చిన రోజే తోడకుండా ఒక రోజు తేరుకోనివ్వండి. లాగే పైపు అడుగుకు నాలుగు వేళ్ల ఎత్తున ఆగాలి. అడుగున మిగిలింది మిగలనివ్వండి, అందులోనే నీళ్లుంటాయి.

పని లేక నిలబెట్టే ట్రాక్టర్‌కు ట్యాంకు మెడ కింద దాకా డీజిల్ పట్టి పెట్టండి. లోపల గాలికి చోటు ఎంత తక్కువైతే తేమ అంత తక్కువ. అంచు దాకా మాత్రం నింపొద్దు, ఎండకు డీజిల్ పొంగుతుంది. దొంగల భయంతో ఖాళీగా ఉంచాలనుకునేవాళ్లు మూతకు తాళం వేయించుకోవచ్చు.

జనవరిలో ఉత్తరాదికి వెళ్లే లారీలకు

అనంతపురం చీనీ (బత్తాయి), పులివెందుల అరటి ఎత్తుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద ఢిల్లీ పోయేవాళ్ల లెక్క వేరు. అక్కడ జనవరి రాత్రులు 5 డిగ్రీల దగ్గరికి దిగడం మామూలే, పైన కశ్మీర్‌లో సున్నా కిందికి పోతుంది. వేసవి డీజిల్‌కు ఫిల్టర్ మూసుకునే పరిమితి 18 డిగ్రీల దాకా అనుమతిస్తారు. కాబట్టి ఎండాకాలంలో డ్రమ్ముల్లో నిల్వ పెట్టిన డీజిల్ నింపుకుని బయల్దేరకండి. నాగ్‌పూర్ దాటాక ట్యాంకు తగ్గించుకుంటూ వెళ్లి, ఝాన్సీ తర్వాత అక్కడి డీజిల్ పట్టించండి. యాంటీ-జెల్ పోయాలంటే చలి తగలకముందే, డీజిల్ వెచ్చగా ఉన్నప్పుడే పోయాలి. ఒకసారి మైనం కట్టాక దాన్ని కరిగించే శక్తి దానికి లేదు.

బండి స్టార్ట్ అయి రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతే, ఫిల్టర్ విప్పితే తెల్లటి మైనం కనబడితే, ఫిల్టర్ మార్చండి. వేడినీళ్లలో ముంచిన గుడ్డ ఫిల్టర్‌కు, పైపులకు చుట్టండి. ఎండ వచ్చేదాకా ఆగండి. ట్యాంకు కింద మంట పెట్టి వెచ్చజేసే అలవాటు కొందరు డ్రైవరన్నలకు ఉంది. డీజిల్ కారిన మరక ఒక్కటి చాలు, లారీ మొత్తం అంటుకోవడానికి. కశ్మీర్‌లో డీఈఎఫ్ కూడా -11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అందులో వేడినీళ్లు గానీ స్పిరిట్ గానీ పోయకండి. ఆ ట్యాంకును వెచ్చబరిచే ఏర్పాటు బండిలోనే ఉంటుంది, ఇంజిన్ వేడెక్కాక అదే కరుగుతుంది.